ఆరేళ్ల రస్ట్ ఎనమ్: రెండు కోలన్లతో నా తగవు

ఆరేళ్లుగా చెల్లింపుల సాఫ్ట్‌వేర్‌ను రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తున్నాను. అంతకుముందు సీ భాషలో. ఎనమ్ అంటే ఒక విలువకు ఉండగల స్థితుల జాబితా; సీలో అది పేరు పెట్టుకున్న పూర్ణాంకమే. మూడే స్థితులున్న చోట 47 వచ్చి కూర్చున్నా అడిగే నాథుడు లేడు. రస్ట్‌లో ప్రతి వేరియంట్, అంటే ఎనమ్‌లోని ఒక్కో స్థితి, తన సమాచారాన్ని తనతోనే ఉంచుకుంటుంది. ‘విఫలం’లో కారణం, ‘పూర్తి’లో రసీదు సంఖ్య. రసీదు లేని ‘పూర్తి’ని రాయాలన్నా కుదరదు. నేను ఈ భాషను వదలకపోవడానికి ఇదే కారణం.

రాత మాత్రం మొదట్లో చిరాకు పెట్టింది. ప్రతిసారీ ఎనమ్ పేరు, రెండు కోలన్లు, ఆ తర్వాత వేరియంట్. స్విఫ్ట్ భాషలో చాలాచోట్ల ఎనమ్ పేరు లేకుండా ఒక చుక్కతో పని అయిపోతుంది. ఓపిక లేక, పేర్లను దిగుమతి చేసుకునే యూజ్ వాక్యంలో నక్షత్రం గుర్తు పెట్టి వేరియంట్లన్నిటినీ నేరుగా తెచ్చేసుకున్నాను. కొన్నాళ్లకు సమాచారమేమీ లేని ఒక వేరియంట్‌కు పేరు మార్చాను. ఏ వేరియంట్‌కు ఏం చేయాలో ఒక్కొక్కటిగా చెప్పే ఒక మ్యాచ్‌లో పాత పేరు మిగిలిపోయింది. ఆ పేరుతో వేరియంట్ లేదు కనుక, కోడ్‌ను తనిఖీ చేసి ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్ దాన్ని కొత్త చలరాశి అనుకుంది. దాని దాకా వచ్చిన ప్రతి విలువా అందులోనే పడింది. హెచ్చరికలు వచ్చాయి, నిజమే. మా బిల్డ్‌లో హెచ్చరికలు వరదలా పారేవి, చదివేదెవరు?

2014 చివరి వరకు రస్ట్‌లో వేరియంట్ల పేర్లు చుట్టూ ఉన్న మాడ్యూల్‌ (కోడ్ విభాగం) లోకే వచ్చి పడేవి. 2015 మేలో 1.0 వచ్చేలోపే వాటిని ఎనమ్ పేరు కిందికి చేర్చారు. రస్ట్ రూపకర్తలు మూసిన తలుపును నేనే నక్షత్రంతో తెరిచానన్నమాట.

తర్వాత ‘వాపసు’ అనే స్థితిని చేర్చినప్పుడు కంపైలర్ పదకొండు చోట్ల ఆగి, ఇక్కడేం చేస్తావని అడిగింది. అంత హాయి మరెక్కడా అనుభవించలేదు. పన్నెండో చోట అడగలేదు. అక్కడ ‘మిగతావన్నీ’ అన్నట్టు అండర్‌స్కోర్ ఉంది. రాసింది నేనే. రెండు రోజుల పాటు వాపసులన్నీ ‘పెండింగ్’గా కనిపించాయి. ఇప్పుడు మా సొంత ఎనమ్‌ల మీద అండర్‌స్కోర్ కనిపిస్తే సమీక్షలోనే వెనక్కి పంపుతాను.

లోపాలూ ఉన్నాయి. వేరియంట్లన్నిటినీ లూప్‌లో తిప్పడానికి భాషలో దారి లేదు, బయటి క్రేట్ (రస్ట్ లైబ్రరీ) తెచ్చుకోవాలి. ఒక్క వేరియంట్ మెమరీలో లావైతే ఎనమ్ మొత్తం లావవుతుంది; ఆ వేరియంట్ సమాచారాన్ని బాక్స్‌లో, అంటే మెమరీలో వేరే చోట, పెట్టుకోవడం మన పని.

రెండు కోలన్లకు అలవాటు పడ్డాను. అయినా స్విఫ్ట్ చుక్కను రేపు ఇస్తామంటే ఈ రాత్రే కోడ్ సర్దుకుంటాను.