కత్తెర పురుగు బుట్టలు కొనేటప్పుడు ల్యూర్ ప్యాకెట్ మీద పేరు చదవండి

మాది పొదిలి పక్కన, నాలుగు బర్రెలున్నాయి, వాటి మేతకని అరెకరం మొక్కజొన్న వేశాం. నెల పైరు కూడా కాలేదు, ఆకులకి వరసగా చిల్లులు పడ్డాయి, మొక్క నడిమి ఆకుల సుడి విప్పి చూస్తే తడి రంపపు పొట్టు లాగా దాని పెంట, లోపల పురుగు, తల మీద తిరగేసిన వై అక్షరం, తోక వైపు చదరంగా నాలుగు నల్ల చుక్కలు. 2018లో కర్ణాటకలో దిగిన కత్తెర పురుగే ఇది. గట్టి మందు కొట్టమన్నారు గానీ ఆ మేత తిన్న బర్రెల పాలే మా పిల్లలు తాగేది, మనసొప్పలా. అందుకని ఎకరానికి 4 లెక్కన 2 లింగాకర్షక బుట్టలు తెచ్చా, ల్యూర్‌తో (మగ రెక్కల పురుగుల్ని లాగడానికి బుట్టలో పెట్టే, ఆడదాని వాసన ఉండే చిన్న ముక్క) కలిపి ఒక్కోటి 120 రూపాయలు.

వారం రోజులు ఒక్క రెక్కల పురుగు కూడా పడలా. పడేసిన ప్యాకెట్ వెతికి చదివితే స్పోడోప్టెరా లిటురా అని ఉంది, అది పొగాకు లద్దె పురుగుది! మనకి కావాల్సింది స్పోడోప్టెరా ఫ్రూజిపెర్డా. మనవైపు అంతా పొగాకు కదా, స్పోడో ల్యూర్ అనగానే షాపాయన అలవాటుగా అదే ఇచ్చేశాడు, వెళ్ళి అడిగితే అన్నీ ఒకటే అన్నా అన్నాడు. ఒకటి కాదండీ, ఏ జాతి వాసన ఆ జాతి మగదాన్నే లాగుద్ది. ఇంకో 50 చొప్పున పెట్టి సరైనవి తెచ్చి కట్టా, తెల్లారి బుట్ట కింది కవరు విప్పితే ఏడు పడున్నాయి, బూడిద రంగు, రెక్క కొసన తెల్ల మచ్చ, పట్టుకుంటే వేళ్ళకి పొడి అంటింది. ప్రాణం లేచొచ్చింది.

అయితే బుట్ట కడితే పురుగు పోద్ది అనుకోవద్దు, పడేది మగవే, ఆడది గుడ్లు పెడతానే ఉంటది. బుట్టలో పడ్డాయంటే పొలంలోకి దిగాలని లెక్క. మా అమ్మా నేనూ పొద్దున్నే ఆకులు తిప్పి, నూగు కప్పిన గుడ్ల గుంపులు నలిపేశాం, ఒక్కో గుంపులో వందకి పైనే ఉంటాయి. సుడుల్లో ఇసుక, సున్నం 9కి 1 పాళ్ళలో కలిపి పోశాం. కొత్త ఆకు బాగానే వస్తోంది.

బుట్ట గరాటు గట్టిదే, కింద కవరే నాసిరకం, ఒక్క గాలివానకి చిరిగింది. పైరు ఎదిగేకొద్దీ బుట్ట పైకి జరపాలి, ల్యూర్ మూడు నాలుగు వారాలకోసారి మార్చాలి. మళ్ళీ కొంటా, ఈసారి విత్తిన వారంలోనే కడతా, ప్యాకెట్ మీద ఫ్రూజిపెర్డా అని చూశాకే డబ్బులిస్తా.