డ్రాఫ్ట్‌లో ఎఫ్‌సీ డాలస్‌కి ఏది మేలు: కుర్ర ఫార్వర్డా, నాలుగేళ్లు ఆడిన డిఫెండరా?

డిసెంబర్ వచ్చిందంటే టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా తెలుగువాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. ఈసారి సూపర్‌డ్రాఫ్ట్‌లో మన సాకర్ క్లబ్ ఎఫ్‌సీ డాలస్ ఎవర్ని తీసుకుంటే బాగుంటుంది? పిల్లల్ని ప్రాక్టీసుకి దింపేచోట అడుగుతారు, ఇండియన్ స్టోర్‌లో బియ్యం బస్తా బండిలో పెట్టుకుంటూ అడుగుతారు. పోయిన వారం మా బావ ఫోన్ చేసి అరగంట వాదించాడు. ఆయనకి ఫార్వర్డ్ కావాలి. ఏటా ఫార్వర్డే కావాలి. "గోల్ కొట్టేవాడు లేకపోతే టికెట్ కొనుక్కుని వెళ్లి ఏం చూస్తాంరా?" అంటాడు. ఆ వాదన ఫోన్‌లో తెగలేదు. క్లబ్ ఇన్నేళ్లలో ఎవర్ని తీసుకుంది, ఎవరు నిలబడ్డారు, ఎందుకు నిలబడ్డారు అని కూర్చుని చూశాక నాకు తోచింది ఇక్కడ రాస్తున్నాను.

డ్రాఫ్ట్ అంటే అమెరికా సాకర్ లీగ్ ఎంఎల్‌ఎస్‌లోని క్లబ్బులు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లని ఎంచుకోవడం, ఒక్కో ఎంపికని పిక్ అంటారు. ఒక్క మార్పు మాత్రం గుర్తుపెట్టుకోవాలి. 2024 డ్రాఫ్ట్ నుంచి కాలేజీలో రెండో ఏడాది, మూడో ఏడాది చదువుతున్నవాళ్లని కూడా తీసుకోవచ్చు. కుర్రాడు కాలేజీలోనే ఉండి ఆడుకోవచ్చు, హక్కులు మాత్రం క్లబ్ దగ్గర ఉంటాయి. దీనివల్ల కుర్రవాళ్ల మీద ఆశ ఇంకా పెరిగింది. మా బావ ఉత్సాహానికి అదీ ఒక కారణం.

ముందు ఆయన పక్షాన చెప్పాల్సింది చెబుతాను, ఎందుకంటే అది బలహీనమైన వాదన కాదు. ఓర్లాండో సిటీని చూడండి. 2015లో మొదటి పిక్‌గా కనెక్టికట్ యూనివర్సిటీ నుంచి సైల్ లారిన్‌ని తీసుకుంది. ఆ ఏడాదే అతను 17 గోల్స్ కొట్టాడు, కొత్త ఆటగాళ్లలో అది రికార్డు. 2020లో ఐదో పిక్ డారిల్ డైక్ ఇంగ్లండ్ దాకా వెళ్లాడు. 2023లో ఆరో పిక్ డంకన్ మెక్‌గ్వైర్ మొదటి సీజన్‌లోనే 13 గోల్స్ కొట్టాడు. ఒకే క్లబ్‌కి డ్రాఫ్ట్ నుంచి ముగ్గురు స్ట్రైకర్లు దొరికారు. మన దగ్గరా ఒక ఉదాహరణ ఉంది. 2014లో కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్ అనే డివిజన్ 2 కాలేజీ నుంచి టెషో అకిండెలేని ఆరో పిక్‌గా తీసుకున్నాం. 7 గోల్స్ కొట్టి, ఆ ఏడాది రూకీ ఆఫ్ ద ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడు) అయ్యాడు. అంత చిన్న కాలేజీలో అతన్ని పట్టుకున్న స్కౌట్ చూపుకి ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది.

డబ్బు లెక్క కూడా కుర్రవాళ్ల వైపే మొగ్గుతుంది. చదువు పూర్తికాకుండానే వచ్చే మేటి కుర్రాళ్లకి లీగ్ ఇచ్చే జనరేషన్ అడిడాస్ కాంట్రాక్ట్‌తో వచ్చినవాడి జీతం మొదట్లో శాలరీ బడ్జెట్ (క్లబ్ జీతాలకి లీగ్ పెట్టిన పరిమితి) లెక్కలోకి రాదు. చదువు మధ్యలో వదిలి వచ్చాడు కాబట్టి తర్వాత పూర్తి చేసుకోవడానికి డబ్బు కూడా ఆ ఒప్పందంలోనే ఉంటుంది. క్లబ్‌కి భారం లేదు, కుర్రాడికి భయం లేదు. వినడానికి ఇంతకన్నా మంచి బేరం ఉండదు.

మరి నాకెందుకు నచ్చదు?

నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆటగాడి ప్రతిభ కాదు, చోటు. మన జట్టులో వాడు ఆడాల్సిన స్థానంలో ఇప్పటికే ఎవరున్నారు, వాడి పక్కన ఎవరు ఎదుగుతున్నారు అన్నది చూడాలి. ఈ లీగ్‌లో ప్రతి క్లబ్‌కీ ముగ్గురు డెసిగ్నేటెడ్ ప్లేయర్లు, అంటే జీతాల పరిమితి దాటి డబ్బిచ్చి తెచ్చుకునేవాళ్లు, ఉండొచ్చు. ఆ పెద్ద డబ్బు ఎక్కడికి పోతుంది? ఎక్కువగా గోల్ కొట్టేవాళ్లకి, గోల్ కొట్టించేవాళ్లకి. అంటే కాలేజీ నుంచి వచ్చిన స్ట్రైకర్ క్లబ్‌లో అందరికన్నా ఎక్కువ జీతం తీసుకునేవాడి చోటు కోసం పోటీ పడాలి. 2024లో తొలి రౌండ్‌లో లోగన్ ఫారింగ్టన్‌ని తీసుకున్నాం, ఒరెగాన్ స్టేట్ కుర్రాడు, కష్టపడి పరిగెత్తుతాడు, నాకు చాలా ఇష్టం. అదే ఏడాది క్లబ్ పెద్ద మొత్తం పెట్టి పోర్చుగల్ క్లబ్ బెన్ఫికా నుంచి ఫార్వర్డ్ పెటార్ ముసాని తెచ్చింది. కోచ్ ఎవరైనా ముందు ఎవరి పేరు రాస్తాడో చెప్పక్కర్లేదు.

పిల్లల్ని చిన్నప్పటి నుంచి తీర్చిదిద్దే మన అకాడమీ సంగతి మరీ ప్రత్యేకం. అక్కడ పెరిగిన ఫార్వర్డ్ రికార్డో పెపి 2022 జనవరిలో జర్మనీ క్లబ్ ఆగ్స్‌బర్గ్‌కి వెళ్లినప్పుడు దాదాపు 2 కోట్ల డాలర్ల బేరమని వార్తలొచ్చాయి. హెసూస్ ఫెరెయిరా, కెలిన్ అకోస్టా, పాక్స్టన్ పోమికల్ అందరూ ఇక్కడ పెరిగినవాళ్లే. వెస్టన్ మెకెనీ అయితే మన సీనియర్ జట్టుకి సంతకం కూడా చేయకుండా 2016లో జర్మనీలోని షాల్కేకి వెళ్లిపోయాడు. ముందుకెళ్లి ఆడే కుర్రాళ్లు మన పెరట్లోనే కాస్తున్నారు. 20 ఏళ్ల కాలేజీ వింగర్ (పక్కల నుంచి దాడి చేసేవాడు) వచ్చేసరికి, 17 ఏళ్ల అకాడమీ వింగర్ అప్పటికే మన రెండో జట్టు నార్త్ టెక్సస్ ఎస్‌సీ తరఫున వారం వారం ఆడుతుంటాడు. క్లబ్ సహజంగా తను పెంచినవాడికే నిమిషాలిస్తుంది. వాణ్ని రేపు అమ్ముకోవచ్చు కూడా.

2018 డ్రాఫ్ట్ ఈ విషయంలో నాకు కళ్లు తెరిపించింది. నాలుగో పిక్‌గా మిషిగన్ యూనివర్సిటీ నుంచి ఫ్రాన్సిస్ అటువాహెనేని తీసుకున్నాం. జనరేషన్ అడిడాస్ ఫార్వర్డ్, వేగం ఉంది. కానీ ఎక్కువ కాలం కింది లీగ్ జట్లకి లోన్‌పై తిరిగాడు. అదే డ్రాఫ్ట్‌లో వేక్ ఫారెస్ట్ నుంచి వచ్చిన ఎమా ట్వుమాసి కూడా ముందు ఆడే కుర్రాడే. అతను నిలబడ్డాడు. ఎలా? కుడివైపు బ్యాక్‌గా, అంటే డిఫెండర్‌గా మారాక! ముందు లైన్‌లో దొరకని చోటు వెనక్కి వస్తే దొరికింది.

ఇప్పుడు వెనక లైన్‌కి వద్దాం. ఇక్కడే నాకు ఎంత చెప్పినా తనివి తీరదు.

2012లో 11వ పిక్‌గా మాట్ హెడ్జెస్‌ని తీసుకున్నాం. బట్లర్‌లో మొదలుపెట్టి నార్త్ కరోలినాకి మారి, 2011లో ఆ యూనివర్సిటీతో జాతీయ టైటిల్ గెలిచి వచ్చిన సెంటర్ బ్యాక్, అంటే వెనక లైన్ మధ్యలో నిలబడే డిఫెండర్. ఆ డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ డ్యూక్ స్ట్రైకర్ ఆండ్రూ వెంగర్. మాంట్రియాల్ అతన్ని రెండేళ్లకే ఫిలడెల్ఫియాకి ఇచ్చేసింది. హెడ్జెస్ మాత్రం 2022 దాకా, 11 సీజన్లు మన జట్టులో ఆడాడు. 2013లో ఏడో పిక్‌గా ఫర్మన్ నుంచి వాకర్ జిమ్మర్‌మన్ వచ్చాడు. 2016లో మనం సపోర్టర్స్ షీల్డ్ (లీగ్ సీజన్‌లో ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్న జట్టుకిచ్చేది), యూఎస్ ఓపెన్ కప్ రెండూ గెలిచామే, ఆ ఏడాది మధ్యలో నిలబడిన జంట వీళ్లిద్దరే. ఒకరు 11, ఒకరు 7. రెండూ డ్రాఫ్ట్ పిక్స్. క్లబ్‌కి అంతకన్నా గొప్ప సీజన్ నేను చూడలేదు, దాని వెన్నెముక కాలేజీ మైదానాల నుంచి వచ్చింది.

ఇది మన ఒక్క క్లబ్ అదృష్టం అనుకుంటే పొరపాటు. లీగ్ ఇచ్చే డిఫెండర్ ఆఫ్ ద ఇయర్ జాబితా తీయండి. 2016 హెడ్జెస్. 2017 ఐక్ ఓపారా, 2010లో మూడో పిక్. 2018 ఆరన్ లాంగ్, 2014లో రెండో రౌండ్. 2019 మళ్లీ ఓపారా. 2020, 2021 రెండేళ్లూ జిమ్మర్‌మన్. వరసగా ఆరేళ్లు ఆ అవార్డు కాలేజీ డ్రాఫ్ట్ మీదుగా వచ్చినవాళ్లకే వెళ్లింది. అందులో మూడేళ్లు మనం తీసుకున్నవాళ్లవే. 2025లో వాంకూవర్ తరఫున గెలిచిన ట్రిస్టన్ బ్లాక్‌మన్ కూడా 2018లో మూడో పిక్. పైగా ఈ లీగ్ ప్రపంచంలో ఎక్కడి నుంచైనా డిఫెండర్‌ని కొనుక్కోగలదు.

కారణం నాకు తోచినంత వరకు ఇది. సెంటర్ బ్యాక్ ఆలస్యంగా పండుతాడు. 18 ఏళ్లకి వాడి ఒళ్లు ఇంకా పూర్తిగా కుదరదు, ఆటని చదవడం రాదు, ఒక్క తప్పు చేస్తే అది గోలే కాబట్టి కోచ్ ధైర్యం చేయడు. ఫార్వర్డ్ మూడు అవకాశాలు పోగొట్టి నాలుగోది కొడితే హీరో. డిఫెండర్ మూడు ఆపి నాలుగోది వదిలితే టీవీలో వాడి ముఖమే చూపిస్తారు. తప్పులు చేసి నేర్చుకునే చోటు వాడికి ఎక్కడో ఒకచోట దొరకాలి. కాలేజీ ఆ చోటు ఇస్తుంది. కాలేజీ సాకర్‌లో పొడవాటి బంతులు, కార్నర్లు, ఒంటికి ఒళ్లు తగిలే ఆట ఎక్కువ. నాకు పాస్‌ల ఆట చూడటమే ఇష్టం, అయినా తలతో కొట్టడం, ఒరిపిడి తట్టుకోవడం నేర్చుకునేవాడికి అది మంచి బడి. అదే ఆట ఫార్వర్డ్‌కి అంతగా పనికిరాదు. బయటికెళ్లినవాడు మళ్లీ లోపలికి వచ్చే వీలుండటంతో రొటేషన్ ఎక్కువ, సీజన్ నాలుగు నెలల్లో ముగుస్తుంది. అక్కడ కొట్టిన 15 గోల్స్ 34 మ్యాచ్‌ల లీగ్‌లో ఎన్ని అవుతాయో ఎవరూ చెప్పలేరు.

మా బావ దీనికి ఒక మంచి అభ్యంతరం చెప్పాడు. "జిమ్మర్‌మన్ జనరేషన్ అడిడాసే కదా, నాలుగేళ్లు చదవలేదు కదా?" అన్నాడు. నిజమే. రెండేళ్లకే వచ్చాడు. అందుకే మన దగ్గర కుదురుకోవడానికి అతనికి టైమ్ పట్టింది, మొదటి సీజన్లలో చాలా తక్కువ ఆడాడు. 2017 చివర్లో ట్రేడ్‌లో లాస్ ఏంజలెస్‌కి వెళ్లి, ఆ తర్వాత నాష్‌విల్‌లో పూర్తి ఆటగాడయ్యాడు, 2022 వరల్డ్ కప్ ఆడాడు. తొందరపడి తెచ్చుకుంటే వాడు పండేసరికి వేరేవాళ్ల చెట్టు మీద ఉంటాడు.

"అకాడమీలో క్రిస్ రిచర్డ్స్ లేడా?" అని కూడా అడిగాడు. ఉన్నాడు. కానీ మన సీనియర్ జట్టుకి ఒక్క మ్యాచ్ ఆడకుండానే జర్మనీ క్లబ్ బయర్న్‌కి వెళ్లిపోయాడు. మంచి సెంటర్ బ్యాక్ అకాడమీలో పుట్టినా మనకి మిగలడు, 18 ఏళ్లకే యూరప్ తీసుకెళ్తుంది. 22 ఏళ్ల కాలేజీ డిఫెండర్ వెంట ఆ క్లబ్బులు పడవు. వాడు మనకి నాలుగైదేళ్లు ఉంటాడు. 2020లో సియాటిల్ యూనివర్సిటీ నుంచి తీసుకున్న ఎన్‌కోసి తఫారి అలాగే కొన్ని సీజన్లు మన రక్షణలో నిలబడి, తర్వాతే ట్రేడ్‌లో వెళ్లాడు.

ఓర్లాండో సంగతికి నా జవాబు కూడా చోటే. లారిన్ వచ్చిన ఏడాది ఆ క్లబ్ లీగ్‌లోకి కొత్తగా అడుగుపెట్టింది, వరసలో తన ముందు నిలబడి ఉన్న కుర్రాళ్లు లేరు. వాళ్ల పరిస్థితికి అది సరైన పిక్. మనకి కాదు.

మన తెలుగువాళ్లకి ఇట్టే అర్థమయ్యే విషయం ఒకటుంది, గ్రీన్ కార్డు. కాలేజీల్లో ఘనా, స్పెయిన్, జర్మనీ కుర్రాళ్లు చాలామంది. వాళ్లలో ఒకర్ని తీసుకుంటే, గ్రీన్ కార్డు వచ్చేదాకా ఒక ఇంటర్నేషనల్ స్లాట్ (విదేశీ ఆటగాళ్లకి క్లబ్‌లో ఉండే పరిమితమైన చోట్లలో ఒకటి) పోతుంది. ఆ స్లాట్‌లో అనుభవమున్న విదేశీ ఆటగాణ్ని పెట్టుకోవచ్చు కాబట్టి కాలేజీ కుర్రాడికి అది మరో అడ్డు. ఇద్దరు సమానంగా కనిపిస్తే కార్డు ఉన్నవాడికే నా ఓటు. ఆ కాగితం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లం కాబట్టి ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది, కానీ జట్టు లెక్క అలాగే ఉంటుంది.

పిక్‌ని అమ్మేసుకోవడం కొందరు చెప్పే ఇంకో దారి. ఫిలడెల్ఫియా ఒక ఏడాది తన పిక్స్ అన్నీ వేరే క్లబ్‌కి ఇచ్చేసింది. మూడో రౌండ్ పిక్ అయితే సరే. తొలి రౌండ్‌ది మాత్రం వద్దు.

గోల్‌కీపర్ సంగతా? ఫిలడెల్ఫియాలో పేరు తెచ్చుకున్న ఆండ్రే బ్లేక్ లాంటివాడు కనిపిస్తే తప్ప అవసరం లేదు.

ఈసారి నన్ను అడిగితే తొలి రౌండ్‌లో కాలేజీ చివరి ఏడాది పూర్తి చేసిన సెంటర్ బ్యాక్‌ని తీసుకుంటాను. ఎడమ కాలివాడైతే ఇంకా మంచిది, అలాంటివాళ్లు తక్కువ. ఎన్ని సీజన్లు గాయాల్లేకుండా పూర్తిగా ఆడాడో చూస్తాను. రెండు, మూడు కాలేజీలు మారినా భయపడను, హెడ్జెస్ కూడా మారినవాడే. మొదటి ఏడాది నార్త్ టెక్సస్‌లో ఆడిస్తాను, రెండో ఏడాది వేసవికి పైకి తెస్తాను. రెండో రౌండ్‌లో బావ కోసం ఒక ఫార్వర్డ్‌ని తీసుకోవచ్చు, అయితే పరిగెత్తేవాడై ఉండాలి, అవసరమైతే వెనక్కి వచ్చి బ్యాక్‌గా ఆడటానికి ఒప్పుకునేవాడై ఉండాలి. ఈ మాటే ఆయనకి మళ్లీ ఫోన్ చేసి చెప్పాను. "సరే, రెండో రౌండ్‌కి ఒప్పుకుంటున్నా. కానీ వాడు గోల్ కొట్టిన రోజు నువ్వే నాకు ఫోన్ చేయాలి" అన్నాడు. చేస్తానన్నాను.