ఆరో బీప్ ఎప్పుడు మోగుతుంది? ఏడేళ్లు వాడాక మా ఇంటి రేడియోల సమీక్ష

పొద్దున ఆరింటికి మా ఇంట్లో టైమ్ మూడుసార్లు మోగుతుంది. ముందుగా వంటింటి అలమరలో ఉన్న చిన్న ఎఫ్‌ఎం రేడియోలో. గంట మారే ముందు స్టేషన్ వేసే ఆరు బీపుల్లో చివరిది అక్కడ మోగిన రెండు మూడు సెకన్లకు హాల్లో ఉన్న డీఏబీ ప్లస్ రేడియోలో (ఇదీ టవర్ నుంచి గాల్లోనే వస్తుంది, కానీ డిజిటల్) అదే బీప్ వస్తుంది. ఆ తర్వాత వార్తలు మొదలై, ముఖ్యాంశాలు సగం చదివేశాక, అమ్మ గదిలోని ఇంటర్నెట్ రేడియోలో ఆరవుతుంది. స్టేషన్ ఒకటే, చదివే గొంతూ ఒకటే. ఒకరోజు స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే ఎఫ్‌ఎంకీ ఇంటర్నెట్‌కీ మధ్య 38 సెకన్ల తేడా ఉంది. ఇంకోరోజు 44.

ఈ మూడు పద్ధతుల్లోనూ రేడియో వింటూ ఏడేళ్లయింది. కొన్న వారంలో రాసే సమీక్షల్లో సౌండ్ ఎలా ఉంది, డబ్బా ఎలా ఉంది అన్నవే ఉంటాయి. ఏడేళ్లకు తెలిసేవి వేరు. మారుతున్న మీడియాలో రేడియో ఎలా నిలబడాలి అని స్టేషన్లవాళ్లు చర్చించుకోవడం చాలాసార్లు విన్నాను. వినేవాడిగా నాకు అర్థమైంది ఒకటుంది. రేడియో అంటే బటన్ నొక్కగానే ఒక మనిషి ఇప్పుడే, మనతోనే మాట్లాడటం. కొత్త టెక్నాలజీ దీన్ని కాపాడిన ప్రతిచోటా నాకు నచ్చింది. చెడగొట్టిన ప్రతిచోటా అమ్మ రేడియో కట్టేసింది.

సౌండ్ సంగతి త్వరగా చెప్పేస్తాను, మూడూ బాగానే ఉన్నాయి. డీఏబీ ప్రసారాలు 1995లోనే మొదలయ్యాయి. 2007లో వచ్చిన డీఏబీ ప్లస్ మెరుగైన కంప్రెషన్, అంటే సౌండ్ డేటాని కుదించే పద్ధతి, వాడుతుంది కాబట్టి అదే జాగాలో ఎక్కువ స్టేషన్లు పడతాయి. గరగర ఉండదు, ఫ్రీక్వెన్సీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, పేరు చూసి నొక్కితే చాలు. సిగ్నల్ తగ్గినప్పుడే అసలు తేడా తెలుస్తుంది. ఎఫ్‌ఎం గరగరలాడుతూనైనా పలుకుతుంది, చెవి రిక్కిస్తే వార్త అర్థమవుతుంది. డీఏబీ నీళ్లలోంచి మాట్లాడినట్టు గుడగుడమని, ఉన్నట్టుండి ఆగిపోతుంది. హాల్లో దాన్ని రెండడుగులు జరిపి కిటికీ పక్కన పెట్టాక ఆ బాధ తప్పింది. అమ్మ గదిలో మాత్రం ఎక్కడ పెట్టినా రాలేదు. ఆ గదిలో ఎఫ్‌ఎం కూడా సరిగా అందదు. అందుకే అక్కడ ఇంటర్నెట్ రేడియో.

ఎఫ్‌ఎం ఆపేసి డిజిటల్‌కి పూర్తిగా వెళ్లిపోవాలా అన్న ప్రశ్న చాలా దేశాల్లో నలుగుతోంది. నార్వే 2017లో జాతీయ స్టేషన్లన్నిటినీ ఎఫ్‌ఎం నుంచి తీసేసింది, చిన్న లోకల్ స్టేషన్లు మాత్రం చాలావరకు ఎఫ్‌ఎంలోనే ఉండిపోయాయి. స్విట్జర్లాండ్‌లో ప్రజా ప్రసార సంస్థ ఎస్ఎస్ఆర్ 2024 డిసెంబరు 31న ఎఫ్‌ఎం ప్రసారాలు ఆపేసింది, తర్వాత దాని శ్రోతలు తగ్గారు. నాకు ఆశ్చర్యమనిపించలేదు. ఒక్క ఇంట్లో ఎన్ని రేడియోలుంటాయో చూడండి. వంటింట్లో ఒకటి, కారులో ఒకటి, మంచం పక్కన అలారం గడియారంలో ఒకటి. స్టేషన్ ఒక్క రాత్రిలో మారిపోగలదు, ఇవన్నీ మారడానికి ఏళ్లు పడుతుంది. ఈలోపు మూగబోయిన రేడియో ముందు కూర్చున్నవాడు కొత్తది కొనడానికి పరిగెత్తడు, పాటల యాప్ తెరుస్తాడు.

టవర్లకు ఖర్చవుతుందని స్టేషన్లు చెప్పేది నిజమే. ఒకేసారి రెండు మూడు రకాలుగా ప్రసారం చేయడం ఇంకా భారం. కానీ టవర్ నుంచి వెళ్లేదాన్ని వందమంది విన్నా లక్షమంది విన్నా ఖర్చు ఒకటే. ఇంటర్నెట్‌లో ఒక్కో శ్రోతకూ విడిగా డేటా పంపాలి, వినేవాళ్లు పెరిగేకొద్దీ బిల్లూ పెరుగుతుంది. వినేవాడికీ అంతే. ఇంటర్నెట్‌లో వచ్చే ప్రసారాన్ని స్ట్రీమ్ అంటారు, 128 కేబీపీఎస్ వేగంతో వచ్చే స్ట్రీమ్ గంటకు 57 ఎంబీ దాకా లాగుతుంది. అమ్మ రోజుకు ఎనిమిది గంటలు వింటుంది, అంటే దగ్గరదగ్గర 460 ఎంబీ.

ఇక ఆ ఇంటర్నెట్ రేడియో కథ. అమ్మకు చూపు బాగా తగ్గింది. రేడియో మీద ఆరు బటన్లుంటాయి. ఒకటో బటన్ మీద గోళ్ల రంగుతో ఒక చుక్క పెట్టాను, ఆరి గట్టిపడితే వేలికి తగులుతుంది. నాలుగో దాని మీద రెండు చుక్కలు. వాటిని తడుముకుని మిగతావి లెక్కపెట్టుకుంటుంది. ఒకటి వార్తలు, రెండు పాత పాటలు, నాలుగు మాటల కార్యక్రమాలు. మూడేళ్లు ఏ ఇబ్బందీ లేదు. నాలుగో ఏట ఒకరోజు నేను సాయంత్రం ఇంటికొచ్చేసరికి గది నిశ్శబ్దంగా ఉంది. "నా చేతిలో పాడైందేమోరా, ఏది నొక్కినా పలకట్లేదు" అంది. పొద్దున్నుంచి అదే టెన్షన్‌తో కూర్చుందట, నాకు ఫోన్ చేయడానికి కూడా మొహమాటపడింది. తెర మీద చూస్తే స్టేషన్ల జాబితా దొరకడం లేదని ఉంది.

రేడియో పాడవలేదు. వైఫై పోలేదు. స్టేషన్లన్నీ హాయిగా ప్రసారమవుతున్నాయి. విషయం ఏంటంటే, ఇలాంటి రేడియోల్లో చాలావాటికి స్టేషన్ల అడ్రసులు సొంతంగా తెలియవు. ఎక్కడో ఉన్న ఒక సర్వర్‌ని అడిగి తెచ్చుకుంటాయి. ఆ సర్వర్ నడిపే కంపెనీ దాన్ని మూసేసింది. రేడియో తయారుచేసినవాళ్లకు రాస్తే కొత్త మోడల్ తీసుకోమన్నారు. మా వంటింటి ఎఫ్‌ఎం రేడియో నాన్న కొన్నది, నా వయసు దానిది. ఇవాళ్టికీ పలుకుతోందంటే దానికీ స్టేషన్‌కీ మధ్య ఎవరూ లేకపోవడమే కారణం. నాలుగేళ్లు కూడా నిండని ఇంటర్నెట్ రేడియో, మధ్యలో ఉన్న ఒకడు వెళ్లిపోయాడని మూగబోయింది.

స్టేషన్ల తప్పు కూడా ఉంది. స్ట్రీమ్ అడ్రస్ మార్చేస్తారు, పాత అడ్రస్ నుంచి కొత్తదానికి దారి పెట్టరు. మామూలు లింకుల్ని సెక్యూర్ లింకులుగా మార్చినప్పుడు పాత రేడియోల్లో చాలావాటికి అవి తెరుచుకోవు. ఫ్రీక్వెన్సీ మారుతోందంటే నెల ముందు నుంచీ పాటపాటకీ చెప్పే స్టేషన్, స్ట్రీమ్ మారినప్పుడు ఒక్క మాటా చెప్పదు. అటువైపు వినేవాళ్లూ తన శ్రోతలే అన్న ధ్యాస ఇంకా రాలేదు.

దీనికి మందు లేక కాదు. రేడియోడీఎన్ఎస్ అని ఎవరైనా వాడుకోగల ఒక ఓపెన్ పద్ధతి ఉంది. ఎఫ్‌ఎం ప్రసారంతోపాటు ఆర్డీఎస్ అనే చిన్న డేటా కూడా వస్తుంది, తెర మీద ఎనిమిది అక్షరాల్లో స్టేషన్ పేరు కనిపించేది దానివల్లే. అందులో స్టేషన్ గుర్తింపు కోడ్ ఉంటుంది. రేడియో ఆ కోడ్‌ని పట్టుకుని, స్టేషన్ సొంత సర్వర్ ఇంటర్నెట్‌లో ఎక్కడుందో వెతుక్కుంటుంది. లోగో, కార్యక్రమాల వివరాలు, స్ట్రీమ్ అడ్రస్ అన్నీ నేరుగా స్టేషన్ నుంచే వస్తాయి. ఎఫ్‌ఎం అందని చోటికి కారు వెళితే దానంతటదే స్ట్రీమ్‌కి మారే ఏర్పాటు కూడా దీంతో సాధ్యమే. కొన్ని కార్లలో ఇప్పటికే ఉంది. రేడియో రంగం కొత్తగా ఒక్క రూపాయి ఖర్చుపెట్టగలిగితే ముందు ఇక్కడ పెట్టాలని నా గట్టి అభిప్రాయం. నేనైతే ఆ తర్వాత కొన్న రేడియోలో స్ట్రీమ్ అడ్రస్ మన చేత్తో ఎక్కించుకునే వీలుందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టాను. గోళ్ల రంగు చుక్కలు మళ్లీ పెట్టాను.

ఫోన్ యాప్‌ల విషయంలో నేను ఇంకా రాజీపడలేదు. తెరవగానే లాగిన్ అడుగుతుంది. అది అయ్యాక ఒక ప్రకటన, కొన్నిసార్లు రెండు. వార్తల కోసం తెరిస్తే ప్రకటనలయ్యేసరికి ముఖ్యాంశాలు అయిపోతాయి. ప్రకటన లేకపోతే స్టేషన్ నడవదు, నాకు తెలుసు. ఐదు నిమిషాలు విన్నాక వేయండి, ఎవరూ ఏమీ అనరు. తలుపు తీయకముందే టికెట్ అడగడం ఎందుకు? ఒకప్పుడు చాలా ఫోన్లలో ఎఫ్‌ఎం రిసీవర్ పనిచేసేది, ఇయర్‌ఫోన్ వైరే యాంటెనా. 2016 నుంచి పెద్ద కంపెనీలు ఆ వైరు గుచ్చే జాక్ తీసేస్తూ రావడంతో జేబులో రేడియో కూడా పోయింది. పోతుంటే రేడియో రంగం గట్టిగా అడ్డుపడి ఉండాల్సింది.

స్మార్ట్ స్పీకర్‌ని అమ్మ గదిలో రెండు నెలలు పెట్టి తీసేశాను. స్టేషన్ పేరు చెబితే అదే పేరున్న పాట వేసేది. నోటితో అడిగితే పలికే రేడియో చూపు లేనివాళ్లకు వరం కావాలి. కావాలంటే స్టేషన్లు తమ పేర్లు, వాటిని జనం పలికే రకరకాల తీరులు ఆ స్పీకర్ కంపెనీలకు పట్టుబట్టి నమోదు చేయించాలి.

పాడ్‌కాస్ట్‌ల వల్ల మాత్రం నాకు జరిగింది మేలే. 'పాడ్‌కాస్ట్' అన్న మాట 2004లో పుట్టింది, నాకు అలవాటైంది మాత్రం ఈ ఏడేళ్లలోనే. రాత్రి పదకొండింటికి వచ్చే ఇంటర్వ్యూ కోసం ఇప్పుడు నిద్ర ఆపుకోను, మర్నాడు బస్సులో వింటాను. ఒక్కటే బాధ. లైవ్ కార్యక్రమాన్ని కోసి అలాగే పెట్టేస్తారు. గురువారం మధ్యాహ్నం వింటుంటే మధ్యలో "ఇప్పుడు సమయం పదకొండుంపావు, బైపాస్ మీద ట్రాఫిక్ ఆగిపోయింది" అని వస్తుంది. పది నిమిషాలు కూర్చుని ఎడిట్ చేస్తే పోయేదానికి మంచి ఇంటర్వ్యూ పాతబడిపోతుంది. లైవ్‌కి లైవ్ లక్షణం, దాచుకుని వినేదానికి దాని లక్షణం ఉంటాయి. రెండిటికీ ఒకే గిన్నెలో వండిపెడితే రెండూ రుచి చెడతాయి.

ఏఐ గొంతుల గురించి కూడా చెప్పాలి. 2024 అక్టోబరులో పోలండ్‌లో ఆఫ్ రేడియో క్రాకోవ్ అనే స్టేషన్ మనుషుల బదులు ఏఐ ప్రెజెంటర్లను పెట్టింది. ఎప్పుడో చనిపోయిన కవయిత్రి విస్లావా షింబోర్స్కాతో 'ఇంటర్వ్యూ' కూడా ప్రసారం చేసింది. జనం తిరగబడ్డారు, కొద్ది రోజుల్లోనే ఆపేయాల్సి వచ్చింది. స్క్రిప్టు రాసుకోవడానికి, పాత టేపులు వెతకడానికి, ఇంటర్వ్యూలను అక్షరాల్లోకి మార్చడానికి ఏఐ వాడితే నాకేం అభ్యంతరం లేదు. అర్ధరాత్రి నిద్రపట్టక రేడియో పెట్టుకునే మనిషి అవతల ఇంకొకరు మేలుకుని ఉన్నారన్న ధైర్యం కోసం పెట్టుకుంటాడు. అక్కడ మనిషి లేకపోతే ఆ గంట ప్రసారానికి అర్థమే లేదు.

గాలివానకు మాకు రెండు రోజులు కరెంటు పోయినప్పుడు రౌటర్ ఆగింది, ఇంటర్నెట్ రేడియో ఆగింది, మధ్యాహ్నానికి ఫోన్‌లో సిగ్నల్ కూడా పోయింది. మిగిలింది రెండు పెన్సిల్ బ్యాటరీలతో నడిచే వంటింటి ఎఫ్‌ఎం. ఏ రోడ్డు మూశారు, నీళ్లు ఎప్పుడొస్తాయి అన్నది స్టేషన్‌లో ఒకమ్మాయి గంట గంటకూ చదివింది. ఆమె గొంతు బొంగురుపోవడం కూడా విన్నాం. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో కరెంటు మొత్తం పోయినప్పుడు కూడా జనం వీధుల్లో బ్యాటరీ రేడియోల చుట్టూ గుమిగూడారు. ఎఫ్‌ఎంని పాత సామానుగా చూసేవాళ్లకు నేను చెప్పగలిగింది ఆ రెండు రోజుల సంగతే.

చివరగా ఆ 38 సెకన్ల దగ్గరికి వస్తాను. అమ్మకు ఒక స్టేషన్‌లో పదిన్నరకు వచ్చే పాత పాటల క్విజ్ అంటే ప్రాణం. రెండు మూడు వాయిద్యాల ముక్క వేసి ఏ పాటో చెప్పమంటారు, ముందు ఫోన్ చేసినవాళ్లకు అవకాశం. ఇంటర్నెట్‌కి మారాక ఆమెకు ఒక్కసారి కూడా లైన్ దొరకలేదు. "ఎంత గబుక్కున చేసినా ఎవరో ఒకరు ముందే ఉంటున్నారురా" అనేది. ప్రశ్న ఆమె చెవిన పడేసరికి ఎఫ్‌ఎంలో విన్నవాళ్లు జవాబు చెప్పేసి ఉంటారు. పోయినేడాది ఆ స్టేషన్‌కి ఈ సంగతి ఉత్తరం రాశాను. నాలాంటివాళ్లు ఇంకా రాసి ఉంటారు. మూడు వారాల్లో పద్ధతి మార్చారు. ఇప్పుడు పది నిమిషాల్లోపు వచ్చిన వాయిస్ మెసేజ్‌లన్నీ తీసుకుని, సరైన జవాబుల్లోంచి ఒకటి చీటీ తీసి ప్రసారంలో వినిపిస్తున్నారు. కొత్త మెషిన్ ఏదీ కొనలేదు, యాప్ మార్చలేదు.

గత మంగళవారం నేను వంటింట్లో ఉండగా ఎఫ్‌ఎంలో అమ్మ గొంతు వినిపించింది. జవాబు చెప్పి, ఆ పాట తన పెళ్లినాటిదని కూడా చెప్పింది. గబగబా ఆమె గదికి వెళ్లాను. అక్కడ ప్రెజెంటర్ ఇంకా చీటీ తీస్తున్నానంటున్నాడు. అమ్మ రేడియో వైపు వంగి, వేలు ఒకటో బటన్ చుక్క మీద ఉంచి వింటోంది. నేనేమీ చెప్పకుండా గుమ్మంలో నిలబడ్డాను.