ఘాట్ ఎక్కే ముందు టైరు మీది నాలుగంకెలు చూసుకోండి: జాగ్రత్త హెచ్చరిక

విశాఖపట్నంలో టైరు మార్పించుకుని అరకు, పాడేరు, లంబసింగి వైపు బండి మీద బయలుదేరేవారు, ముఖ్యంగా ఒంటరిగా వెళ్లేవారు, డబ్బు చెల్లించే ముందు ఇది చదవాలని కోరుతున్నాను. దుకాణం పేరు రాయడం లేదు. ఫిర్యాదు ఇంకా తేలలేదు, పైగా కొత్తవని అమ్మే ఇలాంటి ఏళ్ల నాటి టైర్లు ఆ ఒక్క కొట్లోనే ఉంటాయన్న నమ్మకం నాకు లేదు.

2024 అక్టోబరులో అరకు మీదుగా కొరాపుట్ చేరి, ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి శిఖరం (1,672 మీటర్లు) చూసి రావాలని నాలుగు రోజుల ప్రయాణం పెట్టుకున్నాను. బయలుదేరే ముందురోజు సాయంత్రం 2,900 రూపాయలిచ్చి వెనక టైరు కొత్తది వేయించాను. నల్లగా నిగనిగలాడుతున్న ఆ టైరును చూసి మురిసిపోయానే గాని, ఆ నిగనిగ పాలిష్ వల్ల వచ్చిందేమోనన్న ఆలోచన రాలేదు. కొత్త టైరు మొదట్లో కాస్త జారుతుందని, వంద కిలోమీటర్లు తిరిగితే సర్దుకుంటుందని కొట్టు యజమాని చెప్పాడు. ఆ మాట నిజమే. అందుకే మర్నాడు అసలు లోపాన్ని ఆలస్యంగా గుర్తించాను.

తెల్లవారుజామున పెందుర్తి, కొత్తవలస దాటి, శృంగవరపుకోట తర్వాత ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాను. రాత్రి కురిసిన వానకు రోడ్డు తడిసి ఉంది, అనంతగిరి దగ్గర మంచు కమ్మింది. ఒక మలుపులో వెనక చక్రం జానెడు పక్కకు జరిగినప్పుడు ఎర్రమట్టి మీద తప్పు వేశాను. గాలికొండ దరిదాపుల్లో, మట్టి లేని చోట, వేగం 30 కూడా లేనప్పుడు మళ్లీ జరిగేసరికి గుండె జారింది. అటువైపు లోయ.

అరకులో పంక్చర్లు వేసే ఒక పెద్దాయనకు బండి చూపించాను. ఆయన టైరును గోటితో నొక్కి, చైను వైపు వంగి, గుడ్డతో తుడిచి, "బాబూ, ఇది ఎన్నాళ్లు కొట్లో పడుందో చూసుకోలేదా?" అన్నారు. కోలగా ఉన్న చిన్న గడిలో 3817 అని ఉంది. మొదటి రెండంకెలు టైరు తయారైన వారం, తర్వాతి రెండు సంవత్సరం, అంటే 2017లో 38వ వారం, సెప్టెంబరు నెల. నా కొత్త టైరుకు ఏడేళ్లు. గాడుల అడుగున వెంట్రుకల్లాంటి బీటలు కూడా కనిపించాయి.

వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. వేడికి, గాలిలోని ఆక్సిజన్‌కు, ఓజోన్‌కు అది గట్టిపడుతుంది. మెత్తగా ఉండి రోడ్డు గరుకును పట్టుకోవలసిన రబ్బరు గట్టిపడితే గాడులు ఎంత లోతుగా ఉన్నా తడి రోడ్డు మీద పట్టు చిక్కదు. ఆ అంకెలు చాలా టైర్లకు ఒక పక్కనే ఉంటాయి. నా బండికి అవి చైను వైపు, సైడ్ స్టాండు వేస్తే బండి ఒరిగే వైపు పడ్డాయి. దీనికి మాత్రం దుకాణదారును తప్పుపట్టను, టైరు తిరిగే దిక్కును చూపే బాణం గుర్తును బట్టే బిగించాలి. కాబట్టి అంకెలను బిగించక ముందే, టైరు చేతిలో ఉన్నప్పుడే చదవాలి.

నా కొలత టైరు అరకులో దొరకలేదు. ఎండకు రోడ్డు ఆరేదాకా ఆగి, రెండో గేరులో ఇంజిను పట్టు మీదే, వెనక బ్రేకు దాదాపు ముట్టుకోకుండా దిగాను. శృంగవరపుకోట చేరేసరికి చేతులు మొద్దుబారాయి. దేవమాలి అక్కడితో సరి.

మర్నాడు కొట్టుకు వెళితే, "తిరగని టైరు పాతదెలా అవుతుందండీ?" అన్నాడు. సగం డబ్బు ఇస్తానన్నాడు, నేను ఒప్పుకోలేదు. అయితే నా చేతిలోని చీటీలో "టైరు 1" అని తప్ప కంపెనీ పేరు, కొలత, సీరియల్ నంబరు, జీఎస్టీ ఏవీ లేవు. బిల్లు అడగకపోవడం నా తప్పే, ఘాట్ ప్రయాణానికి ముందురోజు టైరు మార్చడం అంతకన్నా పెద్ద తప్పు. సీరియల్ నంబరుతో సహా బిల్లు రాయించుకోండి, రాయనంటే మరో కొట్టు చూసుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. టైరును విప్పించి పక్కన పెట్టాను, అంకెలు కనిపించేలా తీసిన ఫొటోలు, ఆ చీటీ కూడా దాచాను.