నో ఫ్లష్ నియాసిన్ డబ్బా కొనేముందు వెనక స్టిక్కర్ పీకి చూడండి

కొలెస్ట్రాల్ తగ్గుతుందని నియాసిన్ డబ్బా కొనబోతున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది ఒకసారి చదవండి. కూకట్‌పల్లి వైపు ఒక సప్లిమెంట్ల షాపులో మా మేనమామకు అంటగట్టిన సరుకు గురించి రాస్తున్నాను. షాపు పేరు రాయడం లేదు. ఇవే డబ్బాలు అమీర్‌పేటలోనూ దొరుకుతున్నాయి, ఆన్‌లైన్‌లో అయితే చెప్పనే అక్కర్లేదు. ఒక్క షాపు పేరు తెలిసినంత మాత్రాన మీకు ఒరిగేదేమీ లేదు.

మామయ్యకు చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ ఎక్కువుందని డాక్టరు అటార్వాస్టాటిన్ రాశారు. అది స్టాటిన్ అనే రకం కొలెస్ట్రాల్ మందు. అది వేసుకున్నప్పటినుంచి పిక్కలు లాగుతున్నాయని ఆయన సణుగుడు. ఆ మాట షాపులో కుర్రాడి చెవిన పడింది. "అంకుల్, అదంతా కెమికల్. ఇది విటమిన్ బీ3, సైడ్ ఎఫెక్ట్స్ జీరో. ఆ గోలీ ఆపేసి మూడు నెలలు ఇది వాడండి, రిపోర్ట్ చూసుకుని మీరే నాకు స్వీట్లు తెస్తారు" అన్నాడట. డబ్బా 1,800 రూపాయలు.

మూడు నెలలకు రిపోర్ట్ వచ్చింది. అంతకుముందు 118 ఉన్న ఎల్‌డీఎల్ 171కి ఎక్కింది. స్టాటిన్ ఆపేస్తే పెరగక ఏమవుతుంది? ఈ గోలీ దాన్ని ఆపిందీ లేదు, దించిందీ లేదు.

అప్పుడు ఆ డబ్బా తెప్పించుకుని చూశాను. ముందువైపు పెద్దక్షరాల్లో నియాసిన్ 500 ఎంజీ, పక్కన ఎర్రటి గుండె బొమ్మ, కింద నో ఫ్లష్, అంటే ఒళ్లు ఎర్రబడి మంటెక్కదు అని ఉంది. వెనక్కి తిప్పితే, ఏమేం కలిపారో చెప్పే పట్టిక మీదే సరిగ్గా ధర స్టిక్కర్ అతికించి ఉంది. తడిగుడ్డతో నానబెట్టి గోటితో గీకితే ఒక మూల లేచింది. దానికింద చీమతలకాయంత అక్షరాల్లో అసలు సంగతి: ఇనోసిటాల్ హెక్సానికోటినేట్.

ఇక్కడే ఉంది కిటుకంతా. నియాసిన్ పేరుతో మూడు రకాలు అమ్ముతారు. ఒకటి నికోటినిక్ యాసిడ్. కొలెస్ట్రాల్ మీద పనిచేసేది ఇదొక్కటే, అదీ రోజుకు 1 నుంచి 3 గ్రాముల దాకా వేస్తేనే. రెండోది నికోటినమైడ్, దాన్నే నియాసినమైడ్ అని కూడా అంటారు. విటమిన్ లోపానికి బాగా పనికొస్తుంది, కొలెస్ట్రాల్‌ను మాత్రం ముట్టుకోదు. మూడోది ఈ ఇనోసిటాల్ రకం. శరీరంలోకి వెళ్లాక దీన్నుంచి నికోటినిక్ యాసిడ్ విడుదలయ్యేది చాలా తక్కువ. అందుకే ఒళ్లు ఎర్రబడదు, అందుకే ఎల్‌డీఎల్ కూడా కదలదు. నో ఫ్లష్ అని గొప్పగా రాసుకున్నది నిజానికి ఆ గోలీ పనిచేయడం లేదని చెప్పే గుర్తు. దానికే జనం ఎక్కువ డబ్బు పెడుతున్నారు.

డబ్బా పట్టుకుని షాపుకి వెళ్తే సీల్ తీశారు కాబట్టి వాపసు లేదన్నారు. అంతటితో ఊరుకుంటే ఈ పోస్టు రాసేవాణ్ణి కాదేమో. "దీనికంటే స్ట్రాంగ్ ఉంది సార్, టైమ్ రిలీజ్ 1000 ఎంజీ, రోజుకు రెండు వేయండి, తేడా కట్టండి చాలు" అని ఇంకో డబ్బా బల్ల మీద పెట్టాడు. మొదటి డబ్బాతో పోయింది డబ్బు, మూడు నెలల మందు. రెండోది లివర్‌కే ఎసరు పెట్టే రకం. మెల్లగా కరిగే నికోటినిక్ యాసిడ్‌తో ఒళ్లు మంట తగ్గుతుంది కానీ, పెద్ద మోతాదులో లివర్ దెబ్బతినే ప్రమాదం మామూలు రకం కంటే ఎక్కువ. దాంతోపాటు షుగర్ పెరగొచ్చు, యూరిక్ యాసిడ్ పెరిగి గౌట్ ఉన్నవాళ్లకు కాలి బొటనవేలు వాచిపోవచ్చు. ఇవేవీ కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు.

మామూలు నికోటినిక్ యాసిడ్ సంగతి కూడా చెప్పాలి. మా ఆఫీసులో ఒకతను పరగడుపున 500 ఎంజీ వేసుకుని మెట్రో ఎక్కాడు. ఎర్రమంజిల్ దాటేసరికి మొహం, చెవులు, మెడ కందిపోయి ఒకటే దురద, మంట. అలర్జీ అనుకుని దిగి నేరుగా ఎమర్జెన్సీకి పరిగెత్తాడు. గంటలోపే తగ్గిపోయింది. ఒంట్లో టాక్సిన్స్ బయటికి పోతున్నాయి అని అతనికి అమ్మినవాళ్లు వివరణ ఇచ్చారట! టాక్సిన్సూ లేవు, పాడూ లేదు. చర్మంలోని కణాలు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదల చేస్తే రక్తనాళాలు వెడల్పవుతాయి, ఒళ్లు ఎర్రబడుతుంది, అంతే.

మరి అసలు రకమే తెచ్చుకుని మంట ఓర్చుకుంటే లాభం ఉంటుందా? అంకెలు మారతాయి, అందులో అబద్ధం లేదు. ఎల్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు తగ్గుతాయి, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ పెరుగుతుంది. ఇది 1955 నుంచీ తెలిసిన విషయమే. అమెరికాలో జరిగిన కరోనరీ డ్రగ్ ప్రాజెక్ట్ అనే పరిశోధన 1975లో, నియాసిన్ వాడినవాళ్లలో మళ్లీ గుండెపోటు రావడం తగ్గిందని కూడా తేల్చింది. అమ్మేవాళ్లు ఇప్పటికీ చూపించేది దాన్నే. కానీ అది స్టాటిన్లు లేని కాలం. స్టాటిన్ వాడుతున్నవాళ్లకు నియాసిన్ కలిపి చూసిన ఎయిమ్-హై పరిశోధనను లాభం కనబడక 2011లో మధ్యలోనే ఆపేశారు. ఆ తర్వాత 25 వేల మందికి పైగా పాల్గొన్న హెచ్‌పీఎస్2-త్రైవ్ పరిశోధన ఫలితాలు 2014లో వచ్చాయి. గుండెపోట్లు, పక్షవాతం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. కొత్తగా షుగర్ రావడం, రక్తస్రావం, ఇన్ఫెక్షన్లు మాత్రం పెరిగాయి. రిపోర్టులో అంకె అందంగా కనబడితే చాలనుకునేవాళ్లు వాడుకోవచ్చు, నాకైతే అందులో అర్థం కనబడటం లేదు.

విటమిన్‌గా బీ3 అవసరం లేదని కాదు. అది లోపిస్తే వచ్చే పెలాగ్రా వ్యాధి జొన్నలే ప్రధానంగా తినే దక్కన్ పేదల్లో ఒకప్పుడు ఎక్కువగా ఉండేది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకంఠయ్య జొన్నల్లో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికీ ఈ వ్యాధికీ ఉన్న సంబంధం మీద 1960లోనే రాశారు. కానీ లోపం రాకుండా మనిషికి కావాల్సింది రోజుకు పదో ఇరవయ్యో ఎంజీలు. పల్లీలు, చికెన్, చేపలు తినే ఇంట్లో అది మామూలు తిండిలోనే వచ్చేస్తుంది. 1000 ఎంజీ వేసుకుంటే దాన్ని విటమిన్ అనకూడదు. అది మందే, డాక్టరు కనిపెట్టుకుని ఉండాల్సిన మందు.

మామయ్య మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లారు. పిక్కల నొప్పికి సీపీకే (కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే రక్తపరీక్ష), థైరాయిడ్, విటమిన్ డి పరీక్షలు చేయించి, స్టాటిన్‌నే వేరే రకం తక్కువ డోసులో మార్చి ఇచ్చారు. ఇప్పుడు సణుగుడు తగ్గింది. స్టాటిన్ పడకపోతే ఎజెటిమైబ్ లాంటి వేరే కొలెస్ట్రాల్ మందులు కూడా ఉన్నాయన్నారు. షాపు కుర్రాడి మాట మీద గోలీ ఆపే బదులు ఈ పని ముందే జరిగి ఉంటే మూడు నెలలు కలిసొచ్చేవి.

ఇప్పటికే వాడుతున్నవాళ్లు డబ్బానే డాక్టరు ముందు పెట్టండి, నియాసిన్ అని నోటితో చెబితే ఏ రకమో ఆయనకు తెలియదు. నికోటినిక్ యాసిడ్ అని తేలితే లివర్, షుగర్, యూరిక్ యాసిడ్ పరీక్షలు చేయించమని మీరే అడగండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా ఆ రోజే వెళ్లండి.

కొనేవాళ్లు జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోండి. మామయ్యకు ఇచ్చింది ఎస్టిమేట్ అని రాసిన తెల్ల చీటీ, దాని మీద షాపు పేరు కూడా లేదు. అందుకే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి మేమిచ్చిన ఫిర్యాదు ఇంకా నానుతోంది. స్టిక్కర్ పీకకముందు ఒకటి, పీకాక ఒకటి ఫోటోలు తీసుకుని డబ్బా పారేయకుండా దాచండి.