లేకాక్‌లో ఏ పబ్ మేలు: జార్జ్ ఇన్నా, రెడ్ లయనా?

ఇంగ్లండ్‌లో బాత్ నగరం వైపు వెళ్లే మనవాళ్లు చాలామంది దారిలో లేకాక్‌లో ఆగుతారు. లేకాక్ అబ్బే అనే పాత క్రైస్తవ మఠం చూసి, వీధుల్లో ఫొటోలు దిగి, ఆకలేశాక నాకు మెసేజ్ పెడతారు: "ఇక్కడ ఏ పబ్ మంచిది?" తరచూ ఇదే ప్రశ్న వస్తోంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

విల్ట్‌షైర్ కౌంటీలోని ఈ చిన్న ఊళ్లో ఇన్ని పబ్‌లు పర్యాటకుల కోసం పుట్టినవి కావు. మధ్యయుగాల నుంచీ ఇక్కడ సంత జరిగేది. ఉన్ని, బట్టల వ్యాపారులు వచ్చి పోతుండేవారు, వాళ్లకు తిండి, పడక, గుర్రాలకు చోటు కావాలి. 1944లో మటిల్డా టాల్బాట్ అబ్బేతో పాటు ఊరిని కూడా పాత కట్టడాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్‌కి ఇచ్చేశారు. పాత కట్టడాలు ఇంత చక్కగా నిలిచాయంటే అది ఆమె చలవే.

రెడ్ లయన్ హై స్ట్రీట్‌లో ఉంది. 18వ శతాబ్దపు ఎర్ర ఇటుకల ముఖభాగం, లోపల విశాలమైన చోటు. 1995లో బీబీసీ ఒక సీరియల్ తీసినప్పుడు ఈ వీధినే పాతకాలపు పట్టణంగా చూపించింది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, స్ట్రోలర్‌లో పాప, ఇంకో ఇద్దరు పిల్లలు ఉంటే నేను ఇక్కడికే పంపిస్తాను. ఇరుకు ఉండదు, అందరూ సుఖంగా కూర్చోవచ్చు.

బీరు చూసి ఎంచుకుందామంటే కుదరదు. రెండూ దగ్గర్లోని డివైజిస్ పట్టణానికి చెందిన వాడ్‌వర్త్ బ్రూవరీ పబ్‌లే. మెనూల్లో ఉన్న తేడా కూడా, నా లెక్కలో, పెద్దది కాదు.

నాకు తేడా అంతా పొయ్యి దగ్గరే ఉంది. వెస్ట్ స్ట్రీట్‌లోని జార్జ్ ఇన్ చరిత్రను 1361 దాకా చెబుతారు. లోపల పెద్ద పాత పొయ్యి, దాని పక్కనే ఒక చెక్క చక్రం ఉంటాయి. ఆ చక్రంలో కుక్కను పరిగెత్తించేవారు. అది తిరిగితే పొయ్యి ముందు ఊచకు గుచ్చిన మాంసం కూడా తిరుగుతూ నాలుగువైపులా కాలేది. అందుకోసమే పొడవాటి ఒళ్లు, పొట్టి కాళ్లు ఉన్న కుక్కల్ని పెంచేవారు. వంటింట్లోకి యంత్రాలు వచ్చాక ఆ జాతి పనీ పోయింది, 19వ శతాబ్దం తర్వాత జాతే లేకుండా పోయింది. అలాంటి కుక్కను ఇప్పుడు చూడాలంటే వేల్స్‌లోని అబెర్గవెన్నీ మ్యూజియంలో గడ్డి కూరి ఉంచిన 'విస్కీ' ఒక్కటే దిక్కు.

పాత పబ్ అని చెప్పుకునేవి ఇంగ్లండ్‌లో ఊరికొకటి ఉంటాయి. నల్లటి దూలాలు, తగ్గు కప్పు ఎక్కడైనా కనిపిస్తాయి. కానీ ఆ ఇంట్లో ఒకప్పుడు ఏ పని ఎలా జరిగేదో చూపించే వస్తువు, దాని చోటులోనే మిగిలి ఉండటం చాలా అరుదు. ఆ పొయ్యికి ఎదురుగా కూర్చుని తింటుంటే, ఆ వేడిలో రోజంతా పరిగెత్తిన కుక్క గురించి పిల్లలు అడగకుండా ఉండరు. ఆ మాటలు సాగడం కోసమే నేను జార్జ్ అంటాను.

చర్చ్ స్ట్రీట్‌లో ఇంకో రెండున్నాయి. కార్పెంటర్స్ ఆర్మ్స్ మామూలు పబ్, రెండుచోట్లా టేబుల్ దొరకనప్పుడు చూడండి. 15వ శతాబ్దపు 'సైన్ ఆఫ్ ది ఏంజెల్' ఒకప్పటి సత్రమే గానీ ఇప్పుడు ప్రధానంగా రెస్టారెంట్, పైన గదులు. పెళ్లిరోజు లాంటి సందర్భాలకు అది బాగుంటుంది.

జార్జ్‌కి వెళ్లేవాళ్లు వేసవి వారాంతం మధ్యాహ్నం మాత్రం వద్దు, పొయ్యి దగ్గర నిలబడటానికి కూడా చోటుండదు. వీలైతే చలికాలంలో, వారం మధ్యలో వెళ్లండి. ముందే ఫోన్ చేసి పొయ్యి ఉన్న గదిలోనే టేబుల్ కావాలని అడగండి.