ద్వారకానగర్ కోచింగా, పక్కనే ఉన్న లైబ్రరీయా: క్యాట్‌కు ఏది మేలు?

మా చిన్నాన్న కూతురు బీకాం చివరి సంవత్సరంలో ఉంది. ఐఐఎంల వంటి చోట్ల ఎంబీఏ సీటు కోసం క్యాట్ రాయాలనుకుంటోంది. మొన్న ఇంటికి వచ్చి, "అన్నయ్యా, క్యాట్‌కు ద్వారకానగర్ కోచింగ్‌లో చేరనా, సొంతంగా చదువుకోనా?" అని అడిగింది. నేను రెండు దారుల్లోనూ నడిచినవాడిని. మొదటిసారి కోచింగ్ తీసుకుని రాశాను. మరుసటి ఏడాది అదే ద్వారకానగర్‌లో ఉన్న విశాఖపట్నం పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని, ఎవరి సాయమూ లేకుండా చదివి రాశాను.

ఏ దారి మంచిదో తేలాలంటే ముందు పరీక్ష తీరు తెలియాలి. క్యాట్ రెండు గంటల పరీక్ష. ఇంగ్లీషు పఠనం, డేటా-లాజిక్, గణితం అని మూడు సెక్షన్లు, ఒక్కొక్కదానికి 40 నిమిషాలు. ఆ సమయం అయిపోగానే కంప్యూటర్ తనంతట తానే తరువాతి సెక్షన్‌కు వెళ్లిపోతుంది. ఒకదానిలో మిగిలిన నిమిషాలు ఇంకోదానికి పనికిరావు. 2024లో మొత్తం ప్రశ్నలు 68. సరైన జవాబుకు మూడు మార్కులు వస్తాయి, ఐచ్ఛికాలున్న ప్రశ్న (ఇచ్చిన జవాబుల్లో ఒకటి ఎంచుకునేది) తప్పితే ఒకటి పోతుంది. అందుకని గణితంలో 22 ప్రశ్నలుంటే, 12 చేసి పది సరిగ్గా రాసినవారికి 28 వస్తాయి. ఇరవై చేసి అదే పది సరిగ్గా రాసినవారికి, తప్పులన్నీ ఐచ్ఛికాల ప్రశ్నల్లోనే పడితే, 20 మాత్రమే. ఈ పరీక్షలో వదలడం కూడా ఒక విద్య. దాన్ని ఎవరు నేర్పుతారన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న.

కోచింగ్ నాకు నిజంగా ఇచ్చింది గణితం. ఇంటర్‌లో సీఈసీ చదివినవాడిని. పదో తరగతి తరువాత నిష్పత్తులు, శాతాలు, కాలం-దూరం జోలికి పోలేదు. బోర్డు మీద ఒకే లెక్కను మూడు రకాలుగా చేసి చూపించే మాస్టారు లేకపోతే నాకు ఆ భయం పోయేది కాదు. అర్థం కానిచోట చెయ్యెత్తి అడిగితే వెంటనే జవాబు దొరుకుతుంది. పుస్తకం ఆ పని చేయలేదు. ఎంపీసీ చదివి ఇంజనీరింగ్‌కు వెళ్లినవారికి మాత్రం ఇదే క్లాసు చాలావరకు పునశ్చరణ అవుతుంది. ఆ డబ్బు వారు మాక్ టెస్టులకు (నమూనా పరీక్షలకు) పెట్టుకోవడం మేలు.

కోచింగ్ నా దగ్గర తీసుకున్నది సమయం. క్లాసు సాయంత్రం ఆరింటికి. గాజువాక నుంచి బస్సులో ఎన్ఏడీ దాటి ద్వారకానగర్ చేరి, మళ్లీ ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. అప్పుడు పుస్తకం తెరిచే ఓపిక ఉండేది కాదు. క్లాసులో కూర్చున్నాను కాబట్టి చదివినట్టే అనుకుని పడుకునేవాడిని. అదే నా పెద్ద పొరపాటు.

ఇంగ్లీషు పఠనం విషయంలో క్లాసు నాకు ఏమంత ఉపయోగపడలేదు. అక్కడ చిట్కాలు చెబుతారు, చదవడం మనమే చదవాలి. తెలుగు మీడియంలో చదివినవారికి ఇది మరీ ముఖ్యం. ఈ సెక్షన్‌లో ఎక్కువ భాగం పాసేజీలే. తత్వశాస్త్రం, చరిత్ర, జీవశాస్త్రం, ఏదైనా రావచ్చు. లైబ్రరీలో రోజూ పొద్దున్నే ఇంగ్లీషు పత్రిక సంపాదకీయం ఒకటి, ఏదో ఒక పుస్తకంలో పది పేజీలు చదివి, రచయిత ఏమన్నాడో తెలుగులో రెండు వాక్యాల్లో రాసుకునేవాడిని. మొదటి నెల ఆ రెండు వాక్యాలకే అరగంట పట్టేది. నాలుగో నెలకు చదువుతుండగానే మనసులో తయారయ్యేవి.

వదలడం నేర్పింది కూడా ఆ లైబ్రరీ బల్లే. డేటా-లాజిక్‌లో ప్రశ్నలు సెట్లుగా, అంటే ఒకే సమాచారం మీద కొన్ని చొప్పున వస్తాయి. ఒక మాక్ టెస్టులో ఎనిమిది మంది గుండ్రంగా కూర్చునే సెట్ మీద పదకొండు నిమిషాలు పోగొట్టుకున్నాను. దాని తరువాతి సెట్ మామూలు పట్టిక, ఆరు నిమిషాల్లో అయిపోయేది, కానీ దాన్ని తెరిచి చూడనే లేదు. ఆ రోజు నోటు పుస్తకంలో మూడు గళ్లు గీశాను: తెలియక తప్పినవి, తొందరలో తప్పినవి, అసలు ముట్టుకోకూడనివి. మూడో గడిలోనే ఎక్కువ పడ్డాయి. అప్పటి నుంచి డేటా-లాజిక్‌లో మొదటి మూడు నాలుగు నిమిషాలు అన్ని సెట్లూ చదివి, ఏవి చేయాలో ఎంచుకోవడానికే కేటాయించాను. రెండు గంటల టెస్టు రాస్తే, దాన్ని విప్పి చూసుకోవడానికి మూడు గంటలు పెట్టాను. రెండోసారి నా పర్సంటైల్ (రాసినవారిలో ఎంత శాతం మంది కంటే ముందున్నానన్నది) పెరగడానికి కారణం ఇదే.

ఫోనులో క్లాసులు వినడం మూడో దారి. బస్సు ప్రయాణం తప్పుతుంది, ఖర్చు తగ్గుతుంది. కానీ వీడియోను ఆపి, పెన్ను పట్టి, లెక్క తానే చేసే పట్టుదల ఉన్నవారికే అది పనికొస్తుంది.

లక్ష్యం ఐసెట్ (రాష్ట్ర కాలేజీల్లో ఎంబీఏ, ఎంసీఏ సీట్లకు రాసే పరీక్ష) అయితే నేను సొంత చదువు వైపే. 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు, అంటే ఒక్కొక్కదానికి 45 సెకన్లు. నెగటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్కటీ ఖాళీగా వదలకూడదు. పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని చేస్తే ఆ వేగం వస్తుంది. విశాఖ దగ్గరి గంభీరంలోని ఐఐఎం మీద మనసు పెట్టుకున్నవారు మాత్రం ఈ అలవాటుతో క్యాట్‌కు వెళితే నష్టపోతారు.

మా చెల్లికి నేను వెంటనే ఏదీ తేల్చి చెప్పలేదు. ఎవరికీ రూపాయి కట్టకముందు ఆదివారం ఒక పాత క్యాట్ పేపరు సెక్షన్‌కు 40 నిమిషాల చొప్పున రాయమన్నాను. రాసింది. పఠనంలో పదకొండు సరిపోయాయి, గణితంలో మూడే. డేటా-లాజిక్‌లో ఒక సెట్ పూర్తిగా చేసింది. గణితానికి మాత్రమే చేర్చుకునే చోటు వెతుకుతున్నాం. మిగిలిన రెండింటికీ లైబ్రరీలో ఏ బల్ల దగ్గర వెలుతురు బాగుంటుందో చూపిస్తానని చెప్పాను.